గాలి ఎటు నుంచి వస్తోంది? – ప్రాంతాల శీతోష్ణస్థితి, ఋతువులపై ప్రసంగ పాఠం

అందరికీ నమస్కారం.

ముందుగా రెండు ఊళ్లు చూద్దాం. ఫ్రాన్స్ దక్షిణ తీరంలో మార్సెయ్, రష్యా తూర్పు అంచున వ్లాదివొస్తోక్. రెండూ 43 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీదే ఉన్నాయి. రెండూ రేవు పట్టణాలే. ఏ తేదీ తీసుకున్నా మధ్యాహ్నం సూర్యుడు రెండు చోట్లా ఒకే ఎత్తున ఉంటాడు, పగటి నిడివీ ఒకటే. అయినా జనవరి సగటు ఉష్ణోగ్రత మార్సెయ్‌లో సుమారు 7 డిగ్రీలు, వ్లాదివొస్తోక్‌లో మైనస్ 12. ఎండ ఒకటే, సముద్రం ఇద్దరి గుమ్మంలోనూ ఉంది, మరి 19 డిగ్రీల తేడా ఎలా వచ్చింది?

శీతాకాలంలో వ్లాదివొస్తోక్ మీదికి గాలి వాయవ్యం నుంచి, సైబీరియాలో గడ్డకట్టిన నేల మీదుగా వస్తుంది. ఊరు దాటాకే అది సముద్రం మీదికి వెళుతుంది. కాబట్టి పక్కనే ఉన్న నీళ్ల వెచ్చదనం ఊరికి అందదు. మార్సెయ్‌కి వచ్చే గాలిలో చాలా భాగం అట్లాంటిక్ మీదుగా ప్రయాణించినదే. ఉత్తరం నుంచి మిస్ట్రాల్ అనే చలిగాలి అక్కడా ఈడ్చి కొడుతుంది గానీ, దాని వెనక ఉన్నది పశ్చిమ యూరప్, సైబీరియా కాదు.

ఒక ప్రాంతం అక్షాంశం, ఎత్తు, సముద్రం నుంచి దూరం చెబితే చాలు, శీతోష్ణస్థితి చెప్పేయవచ్చని చాలామంది అనుకుంటారు. పాఠ్యపుస్తకాల్లో ఈ కారకాలను వరుసగా నంబర్లు వేసి ఇవ్వడం వల్ల వచ్చిన చిక్కు అది. ఆ జాబితా తప్పేమీ కాదు. కానీ ఏ నెలలో గాలి ఎటు నుంచి వస్తోంది, దేని మీదుగా వస్తోంది అన్న ప్రశ్న వేయనిదే ఆ జాబితాలోని ఏ ఒక్క కారకమూ సరిగా పని చేయదు. ఈ రోజు నేను చెప్పబోయేదంతా ఆ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది.

మొదట సూర్యుడి లెక్క తేల్చేద్దాం, ఎందుకంటే అది కచ్చితంగా తేలే లెక్క. మధ్యాహ్నం సూర్యుడి ఎత్తు తెలియాలంటే 90 లోంచి మీ అక్షాంశం తీసేసి, ఆ రోజు సూర్యుడు భూమధ్యరేఖకు ఎన్ని డిగ్రీలు మీ వైపు ఉన్నాడో అది కలపండి. అవతలి వైపు ఉంటే తీసేయండి. 43 డిగ్రీల దగ్గర జూన్ 21న 70.4 డిగ్రీలు వస్తుంది, డిసెంబర్ 21న 23.6. కిరణాలు ఏటవాలుగా పడితే అదే ఎండ ఎక్కువ నేల మీద పరుచుకుంటుంది. నేల మీద ఎండ ఎంత చిక్కగా పడుతుందో ఆ కోణపు సైన్ విలువ చెబుతుంది. ఈ రెండు కోణాల సైన్ విలువలు 0.94, 0.40. అంటే చదరపు మీటరు నేలకు మధ్యాహ్నం అందే ఎండ జూన్‌లో 2.3 రెట్లు ఎక్కువ. పగలు కూడా జూన్‌లో 15 గంటలు దాటుతుంది, డిసెంబర్‌లో 9 గంటలే. రెండూ కలిస్తే వాతావరణం పైఅంచున రోజు మొత్తానికి అందే శక్తిలో తేడా మూడు రెట్లకు పైనే. ఋతువులకు మూలం ఇదే, అంటే భూమి అక్షం 23.4 డిగ్రీలు వంగి ఉండడం.

సూర్యుడికి దగ్గరైతే ఎండాకాలం, దూరమైతే చలికాలం అన్న అపోహ ఇంకా వినిపిస్తూనే ఉంది. భూమి సూర్యుడికి అతి దగ్గరగా వచ్చేది జనవరి మొదటి వారంలో, సుమారు 14.7 కోట్ల కిలోమీటర్లకు. అతి దూరంగా వెళ్లేది జూలై మొదటి వారంలో, 15.2 కోట్ల కిలోమీటర్లకు. జనవరిలో భూమికి అందే సౌరశక్తి జూలై కంటే దాదాపు 7 శాతం ఎక్కువ. అయినా భూగోళం మొత్తం సగటు తీస్తే జూలై నెలే జనవరి కంటే 3, 4 డిగ్రీలు వేడిగా ఉంటుంది! దీనికి కారణం ఉత్తరార్ధగోళంలో నేల ఎక్కువ కావడం. దక్షిణార్ధగోళంలో 80 శాతానికి పైగా నీరే. ఎండ ఎక్కువ అందినా నీరు ఆ వేడిని లోపల దాచుకుంటుంది, పైకి చూపించదు.

నీటి గురించి ఇంకాస్త చెప్పాలి. ఒక కిలో నీటిని ఒక డిగ్రీ వేడెక్కించడానికి సుమారు 4.2 కిలోజౌళ్లు కావాలి, ఎండిన మట్టికి, రాతికి 0.8 చాలు. చాలామంది ఇక్కడితో ఆగిపోతారు. అసలు తేడా లోతులో ఉంది. నేల మీద రోజువారీ వేడి అర మీటరు కంటే పెద్దగా దిగదు. ఏడాది మొత్తం తీసుకున్నా పది మీటర్లు దాటితే మార్పు నామమాత్రమే. సముద్రంలో అలలు, గాలులు పైనీటిని కలియబెడుతూ శీతాకాలంలో 50 నుంచి 100 మీటర్ల దాకా వేడిని పంచుతాయి. పైగా వచ్చిన ఎండలో పెద్ద వాటా నీటిని ఆవిరి చేయడానికే ఖర్చవుతుంది. అందుకే సముద్రం ఆలస్యంగా వేడెక్కి, ఆలస్యంగా చల్లబడుతుంది. ఖండాల లోపల అత్యంత వేడి నెల జూన్ 21 తర్వాత సుమారు నెలకు వస్తుంది. సముద్రపు గాలి శాసించే శాన్‌ఫ్రాన్సిస్కోలో అత్యంత వేడి నెల సెప్టెంబర్.

ఈ తేడా చివరికి ఎంత దాకా పోతుందో చూడండి. నార్వే తీరంలో బోడో, సైబీరియాలో వెర్ఖొయాన్‌స్క్. రెండూ ఆర్కిటిక్ వలయానికి పైన, 67 డిగ్రీల దగ్గర. బోడోలో జనవరి సగటు సున్నాకు ఒకటి రెండు డిగ్రీలే దిగువ, వెర్ఖొయాన్‌స్క్‌లో మైనస్ 45 ప్రాంతం. జూలైలో బోడో 13, వెర్ఖొయాన్‌స్క్ 16. అదే వెర్ఖొయాన్‌స్క్‌లో 2020 జూన్ 20న 38 డిగ్రీలు నమోదైంది, ప్రపంచ వాతావరణ సంస్థ దాన్ని ధ్రువీకరించింది కూడా. చలి, వేడి రెండింటిలోనూ ఖండం లోపలి నేల హద్దు మీరుతుంది.

ఇక గాలుల సంగతి. భూమధ్యరేఖ దగ్గర వేడెక్కిన గాలి పైకి లేచి, తేమను వానగా కురిపించి, పైపొరల్లో ధ్రువాల వైపు సాగి, 30 డిగ్రీల అక్షాంశాల దగ్గర కిందికి దిగుతుంది. దిగే గాలి ఒత్తిడికి నలిగి వేడెక్కుతుంది, మేఘం పుట్టనివ్వదు. సహారా, కలహారి, ఆస్ట్రేలియా ఎడారులు ఆ పట్టీ మీదో, దాని అంచునో ఉన్నది అందుకే. అక్కడి నుంచి భూమధ్యరేఖ వైపు తిరిగి వచ్చేవి వాణిజ్య పవనాలు, ధ్రువాల వైపు పోయేవి పశ్చిమ పవనాలు. భూభ్రమణం వల్ల ఉత్తరార్ధగోళంలో గాలి కుడికి, దక్షిణార్ధగోళంలో ఎడమకు వంగుతుంది.

ఈ పట్టీలన్నీ సూర్యుడి వెంట ఉత్తర దక్షిణాలకు జరుగుతుంటాయి, కొన్ని వారాలు వెనకబడుతూ. ఉష్ణమండలంలో ఋతువు అంటే ప్రధానంగా ఇదే. ఉష్ణోగ్రత పెద్దగా మారదు, వాన పట్టీ రావడం పోవడమే ఋతువు. భూమధ్యరేఖకు దగ్గరగా ఉన్న నైరోబీ మీదుగా వాన పట్టీ రెండుసార్లు దాటుతుంది, అందుకే మార్చి–మే ఒక వానాకాలం, అక్టోబర్–డిసెంబర్ మరో వానాకాలం. సహారా దక్షిణ అంచున ఉన్న సాహెల్ దాకా ఆ పట్టీ ఒక్కసారే చేరి వెనక్కి తిరుగుతుంది, ఆగస్టు అక్కడ వానల నెల.

మధ్యధరా ప్రాంతపు ఎండాకాలం ఎందుకు పొడిగా ఉంటుందో కూడా ఈ జరుగుడే చెబుతుంది. వేసవిలో 30 డిగ్రీల దగ్గర గాలి కిందికి దిగే పట్టీ, అంటే అధిక పీడన పట్టీ, ఉత్తరానికి జరిగి ఆ ప్రాంతం మీద కూర్చుంటుంది. శీతాకాలంలో అది దక్షిణానికి తప్పుకోగానే పశ్చిమ పవనాలు తుపాన్లను మోసుకొస్తాయి. కాలిఫోర్నియా, మధ్య చిలీ, ఆఫ్రికా దక్షిణ కొసలో కేప్ ప్రాంతం, ఆస్ట్రేలియా నైరుతి మూల, ఇవన్నీ ఇదే పద్ధతి. అన్నీ ఖండాల పడమటి అంచులే, గమనించండి. అదే అక్షాంశంలో తూర్పు అంచులకు వేసవిలో మంచి వానలు పడతాయి. సముద్రం మీది అధిక పీడనం చుట్టూ తిరిగే గాలి దాని తూర్పు పక్కన చల్లగా, పొడిగా కిందికి దిగుతూ ఉంటుంది, పడమటి పక్కన ఉష్ణమండలపు తేమను పైకి తెస్తుంది. ఒకే అధిక పీడనం ఒక తీరాన్ని ఎండబెట్టి, ఇంకో తీరాన్ని తడుపుతోంది.

ఇప్పుడు వాన, కొండలు. నాకు ఈ శాస్త్రంలో అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇదే, కాబట్టి కొంచెం నిదానంగా వెళదాం.

ఒక ఘనపు మీటరు గాలి 30 డిగ్రీల దగ్గర గరిష్ఠంగా 30 గ్రాముల నీటి ఆవిరిని పట్టుకోగలదు. 20 డిగ్రీల దగ్గర 17 గ్రాములు. 10 దగ్గర 9.4, సున్నా దగ్గర 4.8. ఈ నాలుగు అంకెలు గుర్తుంచుకుంటే చాలా సందేహాలు తీరతాయి. నిండా తేమ ఉన్న గాలి 30 నుంచి 20కి చల్లబడితే 13 గ్రాముల నీరు వదలాలి. 10 నుంచి సున్నాకు చల్లబడితే 4.6 గ్రాములే. చల్లబడింది రెండుసార్లూ పది డిగ్రీలే. ఉష్ణమండలపు వాన కుండపోతగా ఉండడానికీ, అంటార్కిటికా లోపలి భాగంలో ఏడాది మంచునంతా కరిగించి కొలిచినా 50 మిల్లీమీటర్లు దాటకపోవడానికీ కారణం ఇక్కడే ఉంది.

గాలిని చల్లబరిచే సులువైన మార్గం దాన్ని పైకి ఎత్తడం. తేమ బొట్లు కట్టనంతవరకు పైకి లేచే గాలి కిలోమీటరుకు దాదాపు 10 డిగ్రీలు చల్లబడుతుంది. బొట్లు కట్టడం మొదలయ్యాక ఆవిరిలో దాగిన వేడి బయటికి వస్తుంది కాబట్టి చల్లబడే వేగం కిలోమీటరుకు 6 డిగ్రీల ప్రాంతానికి తగ్గుతుంది. 25 డిగ్రీల గాలి 3 కిలోమీటర్ల కొండను దాటుతోందనుకుందాం. మొదటి కిలోమీటరులో 15కి వస్తుంది, మేఘం కడుతుంది. మిగతా రెండు కిలోమీటర్లలో 12 డిగ్రీలు తగ్గి శిఖరం దగ్గర 3 డిగ్రీలకు చేరుతుంది, దారి పొడుగునా వాన కురుస్తూనే ఉంటుంది. అవతల దిగేటప్పుడు మేఘం ఉండదు, కిలోమీటరుకు 10 చొప్పున 30 డిగ్రీలు పెరిగి అడుగుకు 33 డిగ్రీల పొడి గాలిగా చేరుతుంది. బయలుదేరినప్పటి కంటే 8 డిగ్రీలు ఎక్కువ. ఆ 8 డిగ్రీలు ఇవతలి వాలు మీద కురిసిన వాన ఇచ్చిన వేడే. ఆల్ప్స్ పర్వతాల్లో ఈ గాలిని ఫోన్ అంటారు, రాకీ పర్వతాల తూర్పున చినూక్ అంటారు. అమెరికాలో సౌత్ డకోటా రాష్ట్రంలోని స్పియర్‌ఫిష్‌లో 1943 జనవరి 22న ఇలాంటి గాలి తగిలి రెండే నిమిషాల్లో ఉష్ణోగ్రత మైనస్ 20 నుంచి 7 డిగ్రీలకు ఎగబాకింది.

వర్షచ్ఛాయ ప్రాంతాలకు, అంటే కొండ వెనక వాన అందక ఎండే చోట్లకు, మూలం ఇదే. మేఘాలయలో ఖాసీ కొండల దక్షిణ అంచున చిరపుంజి, మాసిన్రామ్ ఉన్నాయి. బంగాళాఖాతం నుంచి బంగ్లాదేశ్ చదును నేల మీదుగా అడ్డు లేకుండా వచ్చిన గాలి హఠాత్తుగా వెయ్యి మీటర్లకు పైగా ఎక్కాల్సి వస్తుంది. ఏడాది సగటు వాన 11,000 మిల్లీమీటర్లు దాటుతుంది. కొండ వెనక వైపున్న షిల్లాంగ్ వాటికంటే ఎత్తులో ఉన్నా అందులో అయిదో వంతు మాత్రమే కురుస్తుంది. ఎత్తు పెరిగితే వాన పెరుగుతుందన్న సూత్రాన్ని గుడ్డిగా వాడితే ఇక్కడ బోల్తా పడతాం. గాలికి ఎదురుగా ఉన్న వాలా, వెనక వాలా అన్నది ముందు చూడాలి. గాలి దిక్కు ఋతువుతో మారే చోట్ల వర్షచ్ఛాయ కూడా పక్క మారుతుంది. ఒక కాలంలో ఎండిన వాలే ఇంకో కాలంలో తడుస్తుంది.

సముద్రం పక్కనే ఎడారి ఎలా ఉంటుంది అన్నది తరచూ వచ్చే ప్రశ్న. చిలీ ఉత్తర తీరంలో అరీకా రేవులో ఏడాది సగటు వాన ఒక మిల్లీమీటరు కూడా లేదు. పెరూ, చిలీ తీరం వెంబడి హంబోల్ట్ శీతల ప్రవాహం సాగుతుంది. తీరం వెంట వీచే గాలి పైనీటిని సముద్రం లోపలికి నెట్టడంతో అడుగునుంచి చల్లటి నీరు పైకి తేలుతుంది. దాని మీది గాలి కింది నుంచి చల్లబడుతుంది. పైన అధిక పీడనంలో దిగే వేడి గాలి, కింద చల్లటి బరువైన గాలి. ఇలా మూత పడ్డాక గాలి పైకి లేవదు, పొగమంచు తప్ప వాన పుట్టదు. ఆఫ్రికాలో నమీబ్ ఎడారికి ఎదురుగా బెంగ్వెలా ప్రవాహం చేసే పని కూడా ఇదే. శీతల ప్రవాహం ఒక్కటే ఎడారిని తయారు చేయదు, పైన దిగే గాలీ ఉండాలి. రెండూ కలిసిన చోటే ఇంతటి కరువు.

సొమాలియా నా దృష్టిలో ఇంకా గొప్ప పాఠం. భూమధ్యరేఖ పక్కన, హిందూ మహాసముద్రం ఒడ్డున ఉన్న దేశం. జూన్ నుంచి సెప్టెంబర్ వరకు ప్రపంచంలోనే అతి బలమైన కింది స్థాయి గాలి ప్రవాహాల్లో ఒకటి దాని తీరం మీదుగా పోతుంది. దక్షిణార్ధగోళం నుంచి వచ్చే వాణిజ్య పవనాలు తూర్పు ఆఫ్రికా పీఠభూమిని గోడగా చేసుకుని, భూమధ్యరేఖ దాటి, కుడికి వంగి, సుమారు కిలోమీటరున్నర ఎత్తున అరేబియా సముద్రం మీదికి దూసుకుపోతాయి. తీరానికి దాదాపు సమాంతరంగా వీచే ఈ గాలి సొమాలియా నేల మీద పైకి లేవదు. తీరపు నీటిని లోపలికి నెట్టి, అడుగు నీటిని పైకి తెచ్చి, వేసవిలోనే అక్కడి సముద్రాన్ని 20 డిగ్రీల దాకా చల్లబరుస్తుంది. కాబట్టి ఆ తీరంలో వాన లేదు. అదే గాలి అరేబియా సముద్రం దాటేలోపు ఆవిరిని నింపుకుని పశ్చిమ కనుమలను తాకి, కొన్ని వాలుల మీద ఏడాదికి 5,000 మిల్లీమీటర్లకు పైగా కురుస్తుంది. ఒకే గాలి ఒక తీరానికి కరువు, ఎదుటి తీరానికి నైరుతి ఋతుపవనం.

ఎత్తు సంగతి క్లుప్తంగా. పైకి వెళ్లే కొద్దీ ఉష్ణోగ్రత సగటున కిలోమీటరుకు 6.5 డిగ్రీలు తగ్గుతుందని లెక్క. దాదాపు భూమధ్యరేఖ మీదున్న ఈక్వెడార్ రాజధాని కీటో 2,850 మీటర్ల ఎత్తున ఉండడం వల్ల ఏడాదంతా 14, 15 డిగ్రీల సగటుతో ఉంటుంది. ఈ 6.5 అంకెను లోయల్లో, శీతాకాలపు రాత్రుల్లో వాడితే మాత్రం లెక్క తలకిందులవుతుంది. మబ్బు లేని, గాలి లేని రాత్రి నేల వేడిని ఆకాశంలోకి వదిలేస్తుంది. నేలను తాకిన గాలి చల్లబడి, బరువెక్కి, వాలు వెంట జారి లోయలో నిలుస్తుంది. ఆస్ట్రియాలో గ్రూన్‌లాఖ్ అనే గుంటలో 1930లలో మైనస్ 52 డిగ్రీలకు దిగువన కొలిచారు. ఆ గుంట అడుగు ఎత్తు 1,270 మీటర్లే. అంతకంటే ఎంతో ఎత్తున్న శిఖరాల మీద కూడా అంత చలి ఉండదు. అక్కడ చెట్లు వాలు పైభాగాన పెరుగుతాయి, అడుగున గడ్డి తప్ప నిలవదు. మంచుకు పాడయ్యే మొక్కలు నాటేవాళ్లు లోయ అడుగు వదిలి వాలు మధ్యభాగం ఎంచుకోవడం అందుకే.

ఏడాదికీ ఏడాదికీ వచ్చే తేడాల గురించి ఒక్క మాట. పసిఫిక్ మధ్య భూమధ్యరేఖ దగ్గర సముద్ర ఉపరితలం సగటు కంటే అర డిగ్రీ లేదా ఎక్కువ వేడెక్కి కొన్ని నెలలు నిలిస్తే ఎల్ నినో అంటాం. వాన కేంద్రం తూర్పుకు జరుగుతుంది, ఇండోనేషియా, ఆస్ట్రేలియా ఎండుతాయి, పెరూ ఎడారి తీరంలో వరదలు వస్తాయి. అయితే ఇది సంభావ్యతను మార్చే విషయమే. 1997లో చాలా బలమైన ఎల్ నినో ఉన్నా భారత ఋతుపవన వర్షపాతం సాధారణంగానే నమోదైంది. ఎల్ నినో వచ్చింది కాబట్టి కరువు ఖాయం అని రాసే వార్తలు చూస్తే బాధగా ఉంటుంది, రైతులు వాటిని నమ్మి నిర్ణయాలు తీసుకుంటారు.

చివరగా, ఒక ప్రాంతపు గణాంకాలు చేతికి వస్తే ఎలా చదవాలి, ఎక్కడ పొరపడతాం?

ఏడాది సగటు ఉష్ణోగ్రతను పక్కన పెట్టండి, పన్నెండు నెలల సగటులు చూడండి. అత్యంత వేడి నెల, చలి నెల మధ్య తేడా ఎంతో తీయండి. వేడి నెల ఎండ గరిష్ఠమైన తర్వాత ఎన్నాళ్లకు వచ్చిందో చూడండి. నెల లోపైతే నేల గాలి, రెండు నెలలు దాటితే సముద్రపు గాలి. రెండు ఊళ్లను పోల్చేటప్పుడు రెండింటి సగటులూ ఒకే 30 ఏళ్లవి కావాలి. ప్రస్తుత ప్రమాణం 1991–2020. ఒకటి 1961–1990, ఇంకోటి 1991–2020 అయితే మీరు చూస్తున్న తేడాలో కొంత కాలం వల్ల వచ్చిన వేడెక్కుదలే. ఉష్ణమాపకం నేలకు 1.25 నుంచి 2 మీటర్ల ఎత్తున, గాలాడే తెల్ల పెట్టెలో ఉండాలి. కాంక్రీటు పక్కకో, మేడ మీదికో మార్చిన కేంద్రం అంకెలు పాతవాటితో కలపకూడదు.

పొడి ప్రాంతాల్లో ఏడాది సగటు వానను నమ్మవద్దు. ఒక్క తుపాను ఏడాది మిగతా తొమ్మిదేళ్ల లోటును దాచేస్తుంది. ఏడాదుల వర్షపాతాన్ని చిన్నదాని నుంచి పెద్దదానికి వరుసగా పేర్చి మధ్యలోది తీసుకోండి, నీటి ప్రణాళికకు అదే మేలు. గాలులు ఎక్కువగా వీచే చోట వర్షమాపకం వానను తక్కువ పడుతుంది, మంచు కురిసే చోట ఈ లోటు ఇంకా ఎక్కువ.

నెలవారీ ఉష్ణోగ్రత, వాన పక్కన మూడో వరుసలో గాలి దిక్కు రాయండి. ఇక్కడా ఒక చిక్కు ఉంది. లోయలోని కేంద్రంలో నేల మట్టాన కొలిచిన గాలి పగలు లోయ పైకి, రాత్రి లోయ కిందికి వీచే స్థానిక గాలే అయ్యుండవచ్చు. తీరంలో అయితే పగటి సముద్రపు గాలి, రాత్రి నేల గాలి. తేమ ఎక్కడి నుంచి వస్తోందో ఆ అంకెలు చెప్పవు. దానికి గాలి పీడనం 850 హెక్టోపాస్కల్ (పీడనపు కొలమానం) ఉండే స్థాయిలోని గాలి, అంటే సుమారు 1,500 మీటర్ల ఎత్తున వీచేది, చూడాలి. కేంద్రం ఎత్తు 1,500 మీటర్లు దాటితే 700 హెక్టోపాస్కల్ పటం, దాదాపు 3,000 మీటర్లది, తీసుకోండి.